పదకొండో మెట్టు

మిస్ కోరలీ వింగేట్ భోజనాల గదిలో, పద్నాలుగు కుర్చీల బల్లకు ఒక కొసన కూర్చుని తినేది. ఎర్లీన్ బాస్కిన్ ఆ వెనకే వంటింట్లో, కిటికీ కింద వేసుకున్న చిన్న బల్ల దగ్గర తినేది. ఇద్దరి కంచాల్లోనూ ఒకటే కూర, ఒకటే మొక్కజొన్న రొట్టె. మధ్య తలుపు బార్లా తీసే ఉండేది.

"ఇవాళ బెండకాయలు భలే కరకరలాడుతున్నాయి, ఎర్లీన్."

"లేతవి దొరికాయండీ, మిస్ కోరలీ."

ముప్ఫై తొమ్మిదేళ్ళు వాళ్ళిద్దరూ అలాగే తలుపులోంచి మాట్లాడుకుంటూ తిన్నారు. ఒకామె యజమానురాలు, తెల్లావిడ. ఇంకొకామె పనిమనిషి, నల్లావిడ. ఊరు అలబామాలోది. ఎదురెదురుగా కూర్చుందామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదా అంటే, తోచే ఉంటుంది. తోచినంత మాత్రాన కుర్చీ జరుపుకునే రోజులు కావవి. తర్వాత ఆ రోజులూ వచ్చాయి గానీ, అప్పటికి అలవాటు ముదిరిపోయింది.

టాంబిగ్బీ నది ఒడ్డునున్న ఆ ఇంటిని చుట్టుపక్కల అందరూ పెద్దిల్లు అనేవాళ్ళు. 1854లో మిస్ కోరలీ తాత జోసయ్య వింగేట్ కట్టించాడు. కట్టించాడంటే, పత్తి మీద వచ్చిన డబ్బు ఆయనది, చేతులు ఆయన బానిసలవి. ఇటుక అక్కడి మట్టితో అక్కడే కాల్చారు. ముందున్న ఆరు స్తంభాలూ దూరానికి రాతివే అనిపిస్తాయి. దగ్గరికెళ్ళి వేలితో కొడితే డొల్ల చప్పుడు. పీపాకు కూర్చినట్టు సైప్రస్ చెక్కలు గుండ్రంగా కూర్చి, పైన తెల్లరంగు దట్టంగా పట్టించారు. లోపలి తలుపులు ఖరీదైన ఓక్ చెక్కవి అనుకుంటారు చూసినవాళ్ళు. అవి మామూలు పైన్ చెక్కవి, పైన రంగులో దువ్వెన లాగి ఓక్ చారలు తెప్పించారు. పొయ్యి చుట్టూ ఉన్న నల్ల చలువరాయి కూడా చెక్కే, రంగే.

ఈ గుట్టంతా ఎర్లీన్ చేతులకు తెలుసు. గుడ్డ తడి కాస్త ఎక్కువైతే ఓక్ చారలు చెదిరిపోతాయి. అందుకని ఏ తలుపును తడిగుడ్డతో తుడవాలో, దేన్ని పొడిగుడ్డతో తాకీ తాకనట్టు తుడవాలో ఆమె చూడకుండానే చెప్పగలదు.

ఇంటి మధ్యలో మెట్లున్నాయి. ఇరవై ఆరు. కింద ఆసరా ఏదీ కనపడకుండా, నత్తగుల్ల తిరిగినట్టు వంపు తిరిగి పైకి పోతాయి. ఒక్కో మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాలే. ఘేరు గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళు ఎక్కుతుంటే కాళ్ళు కదులుతున్నట్టు తెలియకూడదని జోసయ్య అలా కట్టించాడట. ఊళ్ళో పెద్దవాళ్ళు ఆ మెట్ల గురించి, తమ సొంత ఆస్తి అన్నంత గొప్పగా చెప్పేవాళ్ళు.

రెండో మెట్ల దారి గురించి ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. అది పనివాళ్ళది. భోజనాల గదికీ సామాన్ల గదికీ నడుమ, రెండు గోడల మధ్య, మనిషి భుజాలు రాసుకునేంత ఇరుకు. కిటికీ లేదు.

ఎర్లీన్ తల్లి మోజెల్ ఆ ఇంట్లో వంట చేసేది. అమ్మమ్మ అక్కడే నేలలు కడిగేది. 1932 జనవరిలో, ఎర్లీన్‌కు పదకొండేళ్ళప్పుడు, పై గదుల పని చూసే మనిషి జ్వరంతో మంచమెక్కింది. మిస్ కోరలీ స్నానానికి వేడినీళ్ళు పైకి తీసుకెళ్ళమని మోజెల్‌కు పురమాయించారు. ఆమె ఆ ఇరుకు మెట్లు ఎక్కడం అంతకు ముందు నాలుగైదు సార్లకు మించి లేదు. రెండు చేతులా నీళ్ళ డబ్బా పట్టుకుని చీకట్లో ఎక్కుతూ, తట్టుకుని, డబ్బాతో సహా కిందికి దొర్లింది. కాలిన ఒంటితో, విరిగిన నడుముతో నాలుగు రోజులు బతికింది.

అంత్యక్రియలకు మిస్ కోరలీ తండ్రి ఆగస్టస్ వింగేట్ వచ్చాడు. నల్లవాళ్ళ చర్చిలో వెనక బల్ల దగ్గర టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "మంచి మనిషి మోజెల్. కాస్త తొందరపాటు మనిషి, అంతే" అన్నాడు. ఆ మాట అందరి నోళ్ళలోనూ నిలిచిపోయింది. మోజెల్ తొందరపాటుతో పోయింది. పిల్ల ఏదైనా చెయ్యి జార్చితే చాలు, అమ్మమ్మ కూడా, "మీ అమ్మ తొందరే వచ్చింది నీకు. నెమ్మదిగా నడువు. చూసి అడుగెయ్యి" అనేది.

ఎర్లీన్ నెమ్మదిగా నడవడం నేర్చుకుంది. ఎంత నెమ్మదంటే, పెద్దయ్యాక చర్చిలో అందరూ అది ఆమె దర్జా అనుకున్నారు.

అంత్యక్రియలైన వారానికే ఆగస్టస్ వింగేట్ వడ్రంగిని పిలిపించి ఆ మెట్ల దారి మూయించేశాడు. కింద సామాన్ల గదివైపు పలకలు కొట్టి అరలు బిగించారు. పైన గోడ మీద పూల కాయితం అంటించారు. ఆ తర్వాత చూసినవాళ్ళకు అక్కడ గోడ తప్ప ఇంకేమీ లేదు.

పద్నాలుగో ఏట ఎర్లీన్ అదే ఇంట్లో పనికి కుదిరింది. "ఆ గోడ ఊసు నువ్వెత్తకు. వాళ్ళూ ఎత్తరు" అని చెప్పి పంపింది అమ్మమ్మ. అలాగే జరిగింది. సామాన్ల గదిలో ఆ అరల మీదే ఎర్లీన్ పిండి డబ్బాలు, పీచ్ పండ్ల సీసాలు సర్దేది. చెయ్యి పలకకు తగిలితే తీసేసేది.

ఇరవయ్యో ఏట రంపపుమిల్లులో పనిచేసే రాస్కో బాస్కిన్‌ను పెళ్ళి చేసుకుంది. నవ్వు మొహం మనిషి. యుద్ధం రోజుల్లో డెట్రాయిట్‌లో కార్ఖానా పని దొరికిందని వెళ్ళాడు. "నెల తిరిగేసరికి నువ్వూ వచ్చెయ్యి పిల్లా, అక్కడ మనవాళ్ళు బస్సులో ఎక్కడ పడితే అక్కడ కూర్చోవచ్చట" అన్నాడు. నెల తిరిగేసరికి మిస్ కోరలీకి నిమ్మొచ్చింది. తండ్రి అప్పటికే పోయాడు. ఇంట్లో ఎర్లీన్ తప్ప ఎవరూ లేరు. ఆమె లేచి తిరిగేదాకా ఆగుదామనుకుంది. ఆ తర్వాత పత్తి ఏరే రోజులు, ఆ తర్వాత అమ్మమ్మ చావు. రాస్కో ఉత్తరాలు వారానికొకటి రావడం పోయి నెలకొకటి అయ్యాయి. 1951లో వచ్చిన ఆఖరిదాంట్లో, ఇంకొకామెతో ఉంటున్నానని, ఒక కూతురు పుట్టిందని, నీ మీద నాకేం కోపం లేదని రాశాడు. ఎర్లీన్ అది చదివి, పొయ్యి మీద పులుసు మాడకుండా కలిపి, మళ్ళీ చదివింది.

1974 వసంతంలో మిస్ కోరలీ మంచాన పడింది. డాక్టరు వచ్చి చూసి, గుండె అలిసిపోయిందన్నాడు. ఒక మధ్యాహ్నం ఎర్లీన్ దిండు సరిచేస్తుంటే, మిస్ కోరలీ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎర్లీన్, ఆ గోడ…"

"ఏ గోడండీ?"

"నీకు తెలుసు ఏ గోడో. ఆ పొద్దున నేను మీ అమ్మని…"

ఎర్లీన్ మెల్లగా తన చెయ్యి విడిపించుకుంది. "మాట్లాడితే ఆయాసం వస్తుంది. నిద్రపోండి, మిస్ కోరలీ" అంది. దుప్పటి గొంతు దాకా లాగింది. మళ్ళీ ఆ మాట ఎత్తే వ్యవధి మిస్ కోరలీకి లేకపోయింది. మూడో రోజున పోయింది.

ఆమెను మాట్లాడనివ్వకపోవడం దయో కక్షో ఎర్లీన్‌కు అప్పుడు తెలియలేదు. తర్వాత కూడా తేల్చుకోలేకపోయింది. వినాలని లేకపోయింది, అంతవరకే తెలుసు.

వీలునామాలో ఇంటిని పాత భవనాలు చూసుకునే సంఘానికి రాసింది మిస్ కోరలీ. ఎర్లీన్ బతికున్నన్నాళ్ళూ వంటింటి వెనక గదిలో ఉండొచ్చని, ఇల్లు చూసుకోవాలని కూడా రాసింది. సంఘం ఆడవాళ్ళు ప్రతి వసంతంలో రెండు వారాలు పాత కాలపు గౌన్లు కట్టుకుని వచ్చి, టిక్కెట్టు పెట్టి జనానికి ఇల్లు చూపించేవాళ్ళు. మిగిలిన యాభై వారాలు ఎర్లీన్ ఒక్కతే. ఇరవై రెండు గదులు. వర్షాకాలంలో ఏదో ఒక గదిలో చెక్క ఉబ్బి టక్కుమనేది. ఎవరో పిలిచినట్టుండేది. పిలిచే మనిషి లేరని తెలిసీ ఆమె "ఆఁ" అని పలికేది. పలికాక, తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

ఆదివారాలు చర్చి. అక్కడ ఆమెతో కాస్త చనువుగా ఉండేది వెస్టర్ టేట్. ఇద్దరూ చిన్నప్పుడు ఒక వరసలో పత్తి ఏరినవాళ్ళు. వెస్టర్ నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏమ్మా రాణీగారూ, ఇరవై రెండు గదుల్లో ఏ గదిలో కూర్చుని ఈగలు తోలుకున్నావు ఈ వారం?"

"ఈగలకు మా ఇంట్లోకి టిక్కెట్టు లేదు వెస్టరూ."

"మా ఇంట్లో అంటుంది చూడండర్రా! కోరలీ దెయ్యమై నీ జీతం ఇస్తుందేమిటే? వచ్చి నా ముందు గదిలో పడుండరాదూ. నా వాగుడు వినే మనిషైనా దొరుకుతుంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఎర్లీన్ కూడా నవ్వేది. కానీ ఆ నవ్వుల్లో కొందరివి వెస్టర్ నవ్వులాంటివి కావు. మిగిలినవాళ్ళు ఓటు హక్కు కోసం ఊరేగింపుల్లో నడిచిన రోజుల్లో ఈమె తెల్లవాళ్ళ వెండి గరిటెలు తోముతూ కూర్చుందని వాళ్ళ కినుక. ఆ కినుకలో న్యాయం ఉందని ఎర్లీన్‌కూ తెలుసు. ఆరాధన అయ్యాక ఆమె ఎక్కువసేపు నిలబడేది కాదు.

1983 అక్టోబరులో ఒకాయన కారు దిగి ముందు తలుపు కొట్టాడు. యాభై దాటిన నల్లాయన, కళ్ళద్దాలు, మెడలో టై, చంకలో కాయితం చుట్టలు. ఎర్లీన్ తలుపు తీసి, ఆయన్ని చూసి, అలవాటు కొద్దీ వెనక తలుపు వైపు చూసింది. ఆ ముందు గుమ్మంలో నల్లవాడు ఒకడు టైతో నిలబడటం ఆమె చూడటం అదే మొదలు.

"మిసెస్ బాస్కిన్‌గారేనా? నా పేరు వెండెల్ ప్రూయిట్. విశ్వవిద్యాలయం నుంచి వచ్చానండి. ఇల్లు కొలిచి బొమ్మ గీయాలి. సంఘం వాళ్ళు మీకు చెప్పే ఉంటారు."

మిసెస్ బాస్కిన్. రాస్కో వెళ్ళాక ఆమెను అలా పిలిచినవాళ్ళు లేరు. చర్చిలో సిస్టర్ ఎర్లీన్. సంఘానికి ఉత్త ఎర్లీన్.

"చెప్పారు. ఇద్దరొస్తారన్నారే?"

"మావాడి భార్యకు నొప్పులొచ్చాయి, ఆగిపోయాడు. టేపుకు రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. మీకు ఇబ్బంది లేకపోతే…"

అలా అరవై రెండేళ్ళ ఎర్లీన్ టేపు కొస పట్టుకుంది. ఐదు రోజులు ఇద్దరూ గది గదీ తిరిగారు. ఆయన అంకె చెప్పుకుంటూ రాసుకునేవాడు, ఆమె గోడ మూలకు బొటనవేలితో టేపు అదిమి పట్టేది. ఆయనకు తెలియని సంగతులు ఆమె చెప్పింది, ఏ చారలు ఓక్ కాదో, ఏ స్తంభం అడుగున పాములు గుడ్లు పెట్టాయో. ఆమెకు తెలియనివి ఆయన చెప్పాడు. పైకప్పు దూలాల మీద రోమన్ అంకెలు చెక్కి ఉన్నాయని, ఏది దేనితో కలవాలో గుర్తుకు వడ్రంగులు పెట్టుకున్నవని చూపించాడు.

"అంటే బానిసలకు చదువు రాకూడదని చట్టమున్న కాలంలో, ఈ అంకెలు…"

"పని జరగాలంటే ఆ మాత్రం తెలియాలి కదండీ. అంతవరకు నేర్పారు. అంతవరకే."

మధ్యాహ్నాలు ఆమె వండిన కొల్లార్డ్ ఆకుకూర, వేడి రొట్టె ఇద్దరూ వంటింట్లో ఒకే బల్ల దగ్గర తిన్నారు. ఆయన రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. ఎవరైనా రెండోసారి వడ్డించుకుంటుంటే చూడటం ఎంత బాగుంటుందో ఆమె మర్చిపోయి ఉంది.

నాలుగో రోజు సాయంత్రం ఆయన కాయితాల మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"మిసెస్ బాస్కిన్, బయట గోడ కొలిస్తే యాభై ఎనిమిది అడుగుల నాలుగంగుళాలు. లోపల గదులన్నీ, గోడల మందాలన్నీ కలిపితే యాభై నాలుగు అడుగుల ఎనిమిది. మూడడుగుల ఎనిమిదంగుళాలు ఎక్కడికి పోయిందండీ? టేపు ఎక్కడైనా జారిందేమో మీ చేతిలో?"

"నా చేతిలో ఏదీ జారదు" అంది ఎర్లీన్. అంత కటువుగా అనాలని ఆమె అనుకోలేదు.

"తప్పుగా అనుకోకండి. రేపు మళ్ళీ కొలుద్దాం."

మర్నాడు పొద్దున ఆయన వచ్చేసరికి ఆమె సామాన్ల గదిలో అరలు ఖాళీ చేస్తోంది. డబ్బాలు, సీసాలు నేల మీద వరసగా పేర్చింది.

"మళ్ళీ కొలవక్కర్లేదు. మీ లెక్క తప్పు కాదు" అంది. పలకల మీద అరచెయ్యి ఆనించింది. "మీ మూడడుగుల ఎనిమిదంగుళాలు ఇక్కడుంది. మా అమ్మ చచ్చిపోయింది ఇక్కడే."

నిలబడే మొత్తం చెప్పింది. యాభై ఒక్క ఏళ్ళలో ఆ సంగతి మొదటి నుంచి చివరి దాకా ఒకరికి చెప్పడం అదే. చెప్పడానికి పది నిమిషాలు పట్టలేదు. ప్రూయిట్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "తెరవమంటారా, వద్దా? మీరు వద్దంటే బొమ్మలో గోడ అని రాసేస్తాను" అన్నాడు.

"తెరవండి."

సంఘం అధ్యక్షురాలు మిసెస్ లార్కిన్ హడావుడిగా వచ్చింది. పలకలే కదా, పూల కాయితం చిరగదు కదా అని రెండుసార్లు అడిగి తేల్చుకుంది.

"ఎర్లీన్, ఇన్నేళ్ళూ నాకో మాట చెప్పొద్దూ?"

"మీరడగలేదు మేడమ్."

వడ్రంగి నాలుగు పలకలు ఊడదీశాడు. లోపలి నుంచి పాత చెక్క వాసన, చల్లగాలి వచ్చాయి. ప్రూయిట్ టార్చి వేశాడు. పైన్ మెట్లు నిటారుగా పైకి పోతున్నాయి. ప్రతి మెట్టూ మధ్యలో నడిచి నడిచి, అరిగి, గరిటెలా గుంటపడి ఉంది. లోపల ఏదో ఉంటుందని ఎర్లీన్ భయపడింది. సొట్టపోయిన డబ్బా, మరక, గుడ్డముక్క. ఏమీ లేవు. దుమ్ము కింద చెక్క తెల్లగా ఉంది. మూసే ముందు ఎవరో ఇసుక పోసి, బలంగా రుద్ది కడిగారు. అంత శుభ్రంగా కడిగేది ఆ ఇంట్లో అప్పుడు ఒక్క మనిషే, అమ్మమ్మ. కూతురు పడిన మెట్లను ఆమె ఒక్కతే మోకాళ్ళ మీద కూర్చుని కడిగి ఉంటుంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ప్రూయిట్ కింద నుంచి ఒక్కో మెట్టూ కొలుచుకుంటూ పోయాడు. "తొమ్మిదింపావు. తొమ్మిదింపావు. తొమ్మిదింపావు…" పైకి పోతున్న కొద్దీ గొంతు చిన్నదైంది. ఆగింది. మళ్ళీ కొలుస్తున్న చప్పుడు.

"మిసెస్ బాస్కిన్, ఒకసారి రాగలరా?"

ఆమె మోకాళ్ళు మంచివి కావు. గోడల మీద రెండు చేతులూ ఆనించి, ఒక్కో మెట్టూ ఎక్కింది. పదో మెట్టు మీద నిలబడి తర్వాతి దానికి కాలెత్తితే, బూటు ముందుభాగం మెట్టు అంచుకు కొట్టుకుంది. ముందుకు తూలింది. ప్రూయిట్ మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"చూశారా? మీకు తగులుతుందని తెలిసే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను, క్షమించండి. ఈ పదకొండోది పదిన్నర. మిగతావాటికంటే అంగుళంపావు ఎత్తు. నాక్కూడా తగిలింది."

"ఎందుకలా?"

"కింద నుంచి ఒకరు, పైనుంచి ఒకరు కట్టుకొచ్చినట్టుంది. మధ్యలో కలిసేచోట లెక్క కుదరలేదు. మిగిలినదంతా ఒక్క మెట్టు మీదికి తోసేశారు. ఇంటి మధ్యనున్న వంపు మెట్లలో వెంట్రుకవాసి తేడా లేదండీ, నేను కొలిచాను. అక్కడ తేడా వచ్చుంటే విప్పించి మళ్ళీ కట్టించేవాళ్ళు. ఇక్కడెవరు పట్టించుకుంటారు?"

ఎర్లీన్ పదో మెట్టు మీద కూర్చుంది.

"రోజూ ఎక్కేవాళ్ళకు కాలు అలవాటు పడుతుంది" అన్నాడాయన. "ఎప్పుడో ఒకసారి ఎక్కేవాళ్ళకు, చీకట్లో, చేతిలో బరువు పెట్టుకుని… ఎంత నెమ్మదిగా ఎక్కినా తగులుతుందండీ."

"ఎంత నెమ్మదిగా ఎక్కినా?"

"నెమ్మదికీ తొందరకూ సంబంధం లేదు. అది మెట్టు తప్పు."

కింద మిసెస్ లార్కిన్ "అంతా బానే ఉందా?" అని పిలుస్తోంది. పడిపోయినందుకు ఎర్లీన్ తల్లి మీద కోపం పెట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు గానీ, పదకొండో ఏట నుంచి పెట్టుకుంది. కాస్త చూసుకుని ఎక్కుంటే ఏం పోయేది, నన్నిలా వదిలి… అని. ఆ కోపం ఇప్పుడు ఎక్కడ దించుకోవాలో ఆమెకు తెలియలేదు. మెట్టు అంచు మీద అరచేత్తో రాసింది. మళ్ళీ మళ్ళీ రాసింది. తర్వాత గట్టిగా ఏడ్చింది. ప్రూయిట్ పైమెట్టు మీద టార్చి ఆర్పేసి, పక్కకు తిరిగి కూర్చుని, అయిపోయేదాకా కదల్లేదు.

శుక్రవారం ఆయన వెళ్ళిపోయాడు. శనివారం ఎర్లీన్ పొద్దున్నే లేచి, ఇద్దరికి సరిపడా రొట్టె పిండి కలిపి, కలిపాక గుర్తొచ్చి నిలబడిపోయింది.

రెండు నెలలకు పోస్టులో చుట్ట వచ్చింది. ఇంటి బొమ్మ. బల్ల మీద పరిచి నాలుగు మూలలా ఉప్పు డబ్బా, చెంచాలు పెట్టి చూసింది. సన్నని గీతల్లో పనివాళ్ళ మెట్లు ఉన్నాయి, పద్దెనిమిదీ. పదకొండో దాని పక్కన ఎత్తు వేరుగా రాసి ఉంది. వంటింటి వెనక చిన్న గడిలో చక్కటి అక్షరాలతో 'మిసెస్ ఇ. బాస్కిన్ గది' అని ఉంది. ఆ కాయితం వాషింగ్టన్‌లో ప్రభుత్వ గ్రంథాలయంలో కూడా దాస్తారని ప్రూయిట్ ఉత్తరంలో రాశాడు.

మరుసటి వసంతానికి సంఘం వాళ్ళు ఆ మెట్ల దగ్గర చిన్న అట్ట పెట్టాలనుకున్నారు. 'సేవకుల మెట్లు, 1854' అని. ఎర్లీన్ మిసెస్ లార్కిన్ దగ్గరికెళ్ళి, అక్కడ తను నిలబడతానంది.

"నిలబడి ఏం చెప్తావు ఎర్లీన్?"

"ఎంత ఎత్తో చెప్తాను. ఎవరు పడ్డారో చెప్తాను."

"జనం సెలవు రోజున సరదాగా చూడ్డానికొస్తారు…"

"సరదా అంతా ముందు మెట్ల దగ్గర మీరు చెప్పండి మేడమ్. నాకీ చోటు చాలు."

మిసెస్ లార్కిన్ చెడ్డ మనిషి కాదు. ఇబ్బందిపడి, వేలి ఉంగరం తిప్పుకుని, సరేనంది. ఎర్లీన్ ఆదివారం చర్చికి కట్టుకునే నీలం గౌను వేసుకుని సామాన్ల గదిలో నిలబడింది. నాలుగు ముక్కలు చెప్పేది. విని కొందరు తల దించుకునేవాళ్ళు. కొందరు స్నానాల గది ఎటుందని అడిగేవాళ్ళు. ఒకాయన, "మరి కేసు పెట్టలేదా?" అన్నాడు. ఆమె తలుపు వైపు చూపించి, "తర్వాతి గది అటండీ" అంది.

రెండో వారం వెస్టర్ టేట్ చర్చి ఆడవాళ్ళను ఎనిమిదిమందిని వెంటేసుకుని, టోపీలు పెట్టుకుని, టిక్కెట్లు కొనుక్కుని, ముందు గుమ్మంలోంచి వచ్చింది. నది ఒడ్డునే పుట్టి పెరిగినా అందులో ఎవరూ ఆ గుమ్మం దాటినవాళ్ళు కారు. వెస్టర్ వంపు మెట్లు ఎక్కి దిగి వచ్చింది.

"ఒసే ఎర్లీనూ, ఆ ముందు మెట్లు ఎక్కుతుంటే నాకు కాళ్ళున్నట్టే లేదే! నాబోటి భారీ మనిషిని దూదిలా మోశాయి."

"ఇప్పుడు ఇవి ఎక్కు."

వెస్టర్ లోపలికి తొంగిచూసింది. ఎక్కింది. ఎనిమిదిమందీ ఒకరి వెనక ఒకరు ఎక్కారు. పదకొండో దాని దగ్గర ప్రతి ఒక్కరి బూటూ తగులుతున్న చప్పుడు కింద ఎర్లీన్‌కు వినిపించింది. దిగి వచ్చాక ఎవరూ హాస్యమాడలేదు. వాళ్ళలో పెద్దామె, ఏళ్ళ తరబడి ఎర్లీన్‌తో ముభావంగా ఉన్నామె, దగ్గరికొచ్చి ఆమె గౌను భుజం దగ్గర ముడత సరిచేసి వెళ్ళింది.

ఎర్లీన్ ఐదు వసంతాలు అలా నిలబడింది. నడిమి యాభై వారాలు మాత్రం మునుపటిలాగే ఉన్నాయి. చెప్పుకున్న బరువు దిగింది గానీ, తోడుకు మనుషులు పెరగలేదు. కొన్నిసార్లు మిస్ కోరలీ మాట గుర్తొచ్చేది. ఆ రోజు చెప్పనిచ్చుంటే ఏం చెప్పేది? మెట్టు సంగతి ఆమెకు తెలుసా? నీళ్ళకు తొందరపెట్టింది తనేనని ఒప్పుకునేదా? ఆ రెంటిలో ఏది చెప్పినా, వినడానికి ఇప్పుడు ఎర్లీన్ సిద్ధంగానే ఉంది. చెప్పే మనిషి లేదు.

1988లో ఆమె మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. వెస్టర్ మేనల్లుడి వ్యాను తెచ్చి, పెట్టె, కుర్చీ, బొమ్మ చుట్ట ఎక్కించుకుని, తన ముందు గదిలోకి తీసుకుపోయింది. అక్కడ రేడియో పొద్దస్తమానం మోగేది. వెస్టర్ నోరు అంతకంటే ఎక్కువ మోగేది.

"ఇంత హాయిగా ఉంటుందని తెలిస్తే ముప్ఫై ఏళ్ళ కిందటే వచ్చేదానివిగా, మొద్దూ?"

"అప్పుడైతే ఒక మనిషిని వదిలి రావాల్సొచ్చేది. ఇప్పుడు వదలడానికి ఎవరూ లేరు" అంది ఎర్లీన్. వెస్టర్ రేడియో సన్నగా చేసింది.

ఒక జూన్ ఆదివారం చర్చి నుంచి వస్తూ వ్యాను నది రోడ్డు మీదుగా వెళ్ళింది. పెద్దిల్లు కనిపించింది. పై అంతస్తులో తూర్పు మూల గది కిటికీ తెరిచే ఉంది. నది అవతల ఆకాశం నల్లబడి ఉంది, జల్లు ఎటు నుంచి కొడుతుందో, ఆ గది నేల మీద నీళ్ళు ఏ మూలకు చేరతాయో ఎర్లీన్‌కు తెలుసు. వెనక సీట్లోంచి చెయ్యి చాపి ముందు సీటు పట్టుకుంది.

"ఏమైందే?" అంది వెస్టర్.

"ఏం లేదు. వాన వచ్చేట్టుంది" అని చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.